గోల్ఫు బండి మట్టిదారి పట్టాలంటే

పాత ఎలక్ట్రిక్ గోల్ఫు బండిని మట్టిదారులకు పనికొచ్చేలా మార్చాలనుకునేవాళ్ళు మొట్టమొదట కొనేది పెద్ద టైర్లు. వాటితోపాటు బండిని ఆరంగుళాలు పైకెత్తే లిఫ్ట్ కిట్టు. రెండూ బిగించాక బండికి ఎక్కడలేని ఠీవి వస్తుంది. కాని అంతకుముందు సునాయాసంగా ఎక్కిన గట్టు దగ్గరే అది మూలగడం మొదలుపెడుతుంది. 18 అంగుళాల టైరు తీసి 22 అంగుళాలది వేస్తే, నేలను వెనక్కి నెట్టే బలం 18 శాతం తగ్గిపోతుంది మరి. బ్రేకు పట్టూ అంతే తగ్గుతుంది. కంటికి బలంగా కనిపించే మార్పు బండిని బలహీనం చేస్తుందన్న సంగతి చాలామందికి టైర్ల డబ్బు కట్టేశాకే తెలుస్తుంది. అసలు ఏ మార్పు ఏం చేస్తుందో, దేని తర్వాత ఏది చేయాలో ముందే తెలుసుకుంటే ఒక పాత బండి పొలాల్లో, తోటల్లో ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తుంది.

ఈ బండ్లకు పుట్టిల్లు అనదగ్గది అమెరికాలోని జార్జియా రాష్ట్రం. ఈ-జీ-గో కంపెనీ 1954లో అక్కడి అగస్టా నగరంలో మొదలైంది. టెక్సాస్‌లో పుట్టిన క్లబ్ కార్ 1960లలో అగస్టాకే చేరింది. యమహా గోల్ఫు బండ్ల ఫ్యాక్టరీ అదే రాష్ట్రంలోని న్యూనన్‌లో ఉంది. గోల్ఫు మైదానాలవాళ్ళు బండ్లను సాధారణంగా లీజుకు తీసుకుని కొన్నేళ్ళకోసారి మొత్తం మార్చేస్తారు. అలా తీసేసిన బండ్లు బయటి జనం చేతికొస్తాయి. అట్లాంటాకు దక్షిణాన ఉన్న పీచ్‌ట్రీ సిటీలో వీటికోసమే సుమారు 160 కిలోమీటర్ల దారులున్నాయి. జనం వాటిమీదే బడికీ, అంగడికీ వెళ్ళొస్తారు. ఊళ్ళు దాటితే ఇవి పెకాన్ తోటల్లో, గొడ్ల చావిళ్ళ దగ్గర, జింకల వేటకు వెళ్ళే అడవి దారుల్లో కనిపిస్తాయి. చప్పుడు లేకపోవడం, పెట్రోలు వాసన రాకపోవడం వేటగాళ్ళకు పెద్ద సుగుణాలు. మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో, పెద్ద రైల్వే స్టేషన్లలో తిరిగే బ్యాటరీ బండ్లు కూడా ఈ కుటుంబానివే.

అయితే జార్జియా ఎర్రమట్టి వాన పడితే సబ్బులా జారుతుంది. గోల్ఫు బండిని తయారుచేసింది దానికోసం కాదు. ఇద్దరు మనుషులు, రెండు సంచులు, కత్తిరించిన పచ్చిక, గంటకు 24 కిలోమీటర్లు మించని వేగం. డిజైనర్ల ముందున్న లెక్క ఇంతే. పచ్చిక నలగకూడదు కాబట్టి నున్నటి వెడల్పు టైర్లు వేశారు. గేర్‌బాక్సు లేదు. మోటారు నేరుగా వెనక ఇరుసుకు బిగించి ఉంటుంది. క్లబ్ కార్ డీఎస్ మోడల్నే తీసుకుంటే, మోటారు 12.28 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఈ నిష్పత్తి మారదు. బ్రేకులు కూడా వెనక చక్రాలకే. తీగతో లాగే చిన్న డ్రమ్ము బ్రేకులు.

పాత బండి ఎంచుకునేటప్పుడు డీఎస్‌కు ఒక మంచి పేరుంది. దాని చట్రం అల్యూమినియంది, తుప్పు పట్టదు. ఉక్కు చట్రం ఉన్న బండయితే సీటు ఎత్తి, బ్యాటరీల కింది తట్టనూ దాన్ని మోసే పట్టీలనూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడాలి. ఏళ్ళ తరబడి కారిన ఆసిడ్ లోపలినుంచి తినేసి ఉంటే పైన రంగు బాగానే ఉంటుంది కాని మొన లోపలికి దిగబడిపోతుంది. అలాంటి బండి గతుకుల్లో బ్యాటరీల బరువుకే విరుగుతుంది. అది ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఇప్పుడు ఒక ఎత్తు ఎక్కే లెక్క చూద్దాం. ఇద్దరు కూర్చున్నాక బండి బరువు 550 కిలోలు అనుకుందాం. వంద మీటర్లు ముందుకు పోతే ఇరవై మీటర్లు పైకి లేచే ఏటవాలు. భూమి వెనక్కి లాగే బలం సుమారు 1060 న్యూటన్లు. వదులు మట్టిలో చక్రాలు దొర్లడానికే ఇంకో 300కు కాస్త పైగా కావాలి. మొత్తం 1375 అనుకుంటే, 18 అంగుళాల టైరుతో ఆ బలం రావడానికి మోటారు 25 న్యూటన్ మీటర్లకు కాస్త ఎక్కువ టార్కు, అంటే తిప్పే బలం, ఇవ్వాలి. 22 అంగుళాల టైరుతో అయితే 31 దాటాలి. చక్రం మధ్య నుంచి నేల ఎంత దూరంగా ఉంటే మోటారుకు అంత భారం. గేర్ల సైకిల్ మీద పెద్ద గేరు వదలకుండా ఎత్తు ఎక్కబోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సైకిల్ మీద గేరు తగ్గించుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు.

ఆ టార్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత బండ్లలో ఎక్కువగా ఉండేది సీరీస్ మోటారు. చుట్టూ ఉండే ఫీల్డ్ చుట్టలోనూ లోపల తిరిగే ఆర్మేచర్‌లోనూ ఒకే కరెంటు ఒకదాని వెంట ఒకటిగా పారుతుంది. అందువల్ల కరెంటు రెట్టింపయితే అయస్కాంత క్షేత్రమూ రెట్టింపవుతుంది, దానిమీద పనిచేసే కరెంటూ రెట్టింపవుతుంది. టార్కు దాదాపు నాలుగింతలవుతుంది. ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయేదాకా ఈ లెక్క నడుస్తుంది, ఆ తర్వాత పెరుగుదల మందగిస్తుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు, అంటే మనకు బలం బాగా కావలసినప్పుడు, దాని టార్కు అత్యధికంగా ఉంటుంది. మట్టిదారికి ఇంతకంటే అనుకూలమైన గుణం ఇంకొకటి లేదు. కాబట్టి తగ్గిన బలాన్ని తిరిగి తెచ్చుకునే ప్రధాన మార్గం, మోటారుకు ఎక్కువ కరెంటు అందించడం. బండి మార్పిడి అంతా చివరికి ఈ కరెంటును క్షేమంగా పారించే పనే.

బాగా పాత బండ్లలో వేగాన్ని రెసిస్టర్ చుట్టలతో తగ్గిస్తారు. మోటారుకు 10 వోల్టులు చాలు, 200 ఆంపియర్లు కావాలి అనుకుందాం. మోటారు తీసుకునేది 2 కిలోవాట్లు. కాని అదే 200 ఆంపియర్లు 36 వోల్టుల బ్యాటరీల నుంచి రావాలి కాబట్టి బ్యాటరీలు ఇచ్చేది 7.2 కిలోవాట్లు. మిగతా 5.2 కిలోవాట్లు చుట్టల్లో వేడిగా పోతాయి. మెల్లగా ఎత్తు ఎక్కుతుంటే సీటు వెనక నుంచి కమురు వాసన వచ్చేది ఇందుకే. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఈ పని వేరే విధంగా చేస్తుంది. సెకనుకు వేలసార్లు కరెంటును కలుపుతూ తెంచుతూ ఉంటుంది. తెంచిన క్షణాల్లో మోటారు చుట్టల్లో నిలవున్న శక్తే కరెంటును ఆగకుండా తిప్పుతుంది. మోటారులో 200 ఆంపియర్లు పారుతున్నా బ్యాటరీల నుంచి వచ్చేది, నష్టాలు వదిలేస్తే, 56 ఆంపియర్లే. నన్నడిగితే రెసిస్టర్ బండి కొన్నవాళ్ళు కొత్త టైర్ల ఆలోచన పక్కనపెట్టి ముందు మంచి కంట్రోలర్ వేయించుకోవాలి. పచ్చికమీద 275 ఆంపియర్ల కంట్రోలర్ సరిపోతుంది. పెద్ద టైర్లతో గట్లు ఎక్కాలంటే 400 ఇచ్చేది కావాలి.

కరెంటు పెరిగిందంటే అది పారే దారంతా చూసుకోవాలి. కేబుళ్ళలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పాత బండ్లలో ఉండే 6 గేజి తీగలు మొత్తం నాలుగు మీటర్లుంటే, 200 ఆంపియర్ల దగ్గర సుమారు 200 వాట్లు వాటిలోనే వృథా అవుతాయి. లావుపాటి 2 గేజి కేబుళ్ళు వేస్తే అది 80కి దిగుతుంది. ఇంకా ప్రమాదకరమైనవి జాయింట్లు. ఒక వోల్ట్‌మీటరు తీసుకుని ఒక కొనను బ్యాటరీ సీసపు మొలకకూ, రెండో కొనను దానికి బిగించిన కేబుల్ లగ్గుకూ ఆనించండి. ఇంకొకరిని బండి ఎత్తు ఎక్కించమనండి. ఆ రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు చూపిందంటే, 200 ఆంపియర్ల దగ్గర గోరంత చోట వంద వాట్ల వేడి పుడుతున్నట్టు లెక్క. సీసపు మొలక మెత్తబడి కరిగేది ఇలాగే. బోల్టు విప్పి, తెల్లటి పొడి గీకేసి, మెరిసేదాకా రుద్ది బిగిస్తే మీటరు ముల్లు పడిపోతుంది. బ్యాటరీల దగ్గర చేయిపెట్టేముందు ఉంగరం, వాచీ తీసేయాలి. పానా జారి రెండు మొలకల మధ్య పడితే అక్కడికక్కడే ఎర్రగా కాలుతుంది.

చాలా పాత బండ్లలో ఈ ప్రధాన వలయంలో ఫ్యూజు ఉండదు. పచ్చికమీద అది గడిచిపోయింది. గతుకుల దారిలో కేబుళ్ళు చట్రానికి ఒరుసుకుని తొడుగు అరిగిపోతుంది కాబట్టి, డీసీ కరెంటును తెంచగల పెద్ద ఫ్యూజు ఒకటి బ్యాటరీలకు దగ్గరగా తప్పకుండా పెట్టాలి.

సీరీస్ బండ్లలో ముందుకు, వెనక్కు మార్చే మీట గురించి ఒక మాట. మోటారు కరెంటంతా దానిలోని రాగి పలకల గుండానే పోతుంది. బురదలో కూరుకుపోయినప్పుడు బండిని ముందుకూ వెనక్కూ ఊపి బయటపడాలని చూస్తాం. బండి పూర్తిగా ఆగకముందే మీట తిప్పితే పలకల మధ్య నిప్పురవ్వలు లేస్తాయి. విప్పి చూస్తే రాగి నల్లబడి, అక్కడక్కడా గుంటలు పడి కనిపిస్తుంది. మోటారుకూ ఇలాంటి గండమే ఉంది. ఏటవాలులో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టి ఉంచితే, కదలని మోటారులో కరెంటంతా, ఆర్మేచర్‌కు దాన్ని అందించే కమ్యుటేటర్ మీది అవే కొద్ది పలకలకు పారుతుంది. కార్బన్ బ్రష్షుల కింద ఆ పలకలు కొద్దిసేపట్లోనే కాలి మచ్చలు పడతాయి. తర్వాత తిరిగిన ప్రతిసారీ ఆ మచ్చ బ్రష్షును గీస్తూనే ఉంటుంది.

బ్యాటరీల సంగతికి వస్తే, ఇవి కారు బ్యాటరీలు కావు. కారులో పలుచని పలకలు క్షణంసేపు భారీగా కరెంటిస్తే చాలు. ఇక్కడ మందపు పలకలు గంటల తరబడి ఖాళీ అవుతూ మళ్ళీ నిండాలి. పేరున్న ట్రోజన్ టీ-105ని చూడండి. 6 వోల్టులు, 28 కిలోలు, సామర్థ్యం 225 ఆంపియర్ గంటలు. అయితే ఆ 225 ఇరవై గంటలపాటు మెల్లగా వాడితేనే. 75 ఆంపియర్ల చొప్పున లాగితే 115 నిమిషాల్లో ఖాళీ అవుతుంది, అంటే చేతికొచ్చేది 144 మాత్రమే. సీసం బ్యాటరీని ఎంత వేగంగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. మట్టిదారి పని అంతా వేగంగా పిండడమే కాబట్టి, పచ్చికమీద రోజంతా తిరిగిన బండి అడవి దారిలో సగంలోనే ఆగితే బ్యాటరీలను తప్పుపట్టలేం.

36 వోల్టుల బండిని 48కి మార్చడం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. మనం లెక్కించిన ఎత్తును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, నష్టాలతో కలిపి, సుమారు 5 కిలోవాట్లు కావాలి. 36 వోల్టుల దగ్గర అది 140 ఆంపియర్లు, 48 దగ్గర 105. కేబుళ్ళలో వేడి నలభై శాతానికి పైగా తగ్గుతుంది. అయితే కంట్రోలర్, ప్రధాన కరెంటును కలిపే స్విచ్చు అయిన సోలినాయిడ్, ఛార్జర్ మూడూ 48కి తగినవి కావాలి. బ్యాటరీలు మార్చి మిగతావి వదిలేస్తే ఏదో ఒకటి కాలుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేస్తే బండి బరువు వంద కిలోలకు పైగా తగ్గవచ్చు. ఎత్తు ఎక్కడానికి కావలసిన బలం బరువును బట్టే ఉంటుంది కనుక ఇది నికరమైన లాభం. వేగంగా పిండినా సామర్థ్యం పెద్దగా తగ్గదు. కాని కొనేముందు ఒక్క అంకె చూడాలి. బ్యాటరీలోని రక్షణ వ్యవస్థ, అంటే బీఎంఎస్, ఎన్ని ఆంపియర్ల దాకా ఒప్పుకుంటుంది? 100 ఆంపియర్ల దగ్గర తెంచేసే బ్యాటరీని 400 ఆంపియర్ల కంట్రోలర్‌కు జతచేస్తే, సరిగ్గా గట్టు మధ్యలో కరెంటు పోతుంది. బండి వెనక్కి జారడం మొదలవుతుంది. ఇంకొకటి, వీటిని సున్నా డిగ్రీల కంటే చల్లని వాతావరణంలో ఛార్జి చేయకూడదు. జార్జియాలో చలికాలపు రాత్రులు ఆ సున్నా కిందికి దిగుతుంటాయి. సీసం బ్యాటరీల పాత ఛార్జర్‌ను వీటికి తగిలించనే కూడదు.

ఎక్కడం గురించి ఇంత ఆలోచించేవాళ్ళు దిగడం గురించి ఎందుకు ఆలోచించరో నాకు అర్థం కాదు. ప్రాణాలమీదికి వచ్చేది దిగేటప్పుడే. 550 కిలోల బండి 30 మీటర్ల ఎత్తు దిగితే లక్షా అరవై వేల జౌళ్ళ శక్తి ఎక్కడికో పోవాలి. సాధారణ సీరీస్ బండిలో యాక్సిలరేటర్ వదిలేస్తే మోటారు ఆపదు, ఊరికే తిరుగుతుంది. మొత్తం భారం ఆ రెండు చిన్న వెనక డ్రమ్ములదే. పైగా దిగేటప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, వెనక చక్రాలకు నేల పట్టు తగ్గుతుంది, పెద్ద టైర్ల వల్ల బ్రేకు బలం అప్పటికే తగ్గి ఉంది. బండి చేయిదాటి 50 కిలోమీటర్ల వేగం అందుకుంటే, 22 అంగుళాల చక్రంతో మోటారు నిమిషానికి 5800 చుట్లు తిరుగుతుంది. మైదానంలో పూర్తి వేగంతో పోయినప్పుడు తిరిగేది సుమారు 3400. ఆ వేగానికి కమ్యుటేటర్ పలకలు ఊడి చిందరవందర కావచ్చు.

ఫీల్డ్ చుట్టకు విడిగా కరెంటు ఇచ్చే సెపెక్స్ మోటారు బండ్లు ఈ విషయంలో చాలా మేలు. దిగేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారి బండిని పట్టి ఉంచుతుంది, కొంత శక్తి బ్యాటరీలకు తిరిగొస్తుంది. ఏసీ మోటారు బండ్లు ఇంకా బాగా చేస్తాయి. నిండా ఛార్జి అయిన బ్యాటరీలతో గుట్టమీద నుంచే బయల్దేరితే ఆ శక్తి తీసుకోవడానికి చోటుండదు కాబట్టి, అప్పుడు దీన్నీ పూర్తిగా నమ్ముకోకూడదు. కొండ ప్రాంతం అయితే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించడం ఒక్కటే నాకు తృప్తినిచ్చే పరిష్కారం.

బోల్తా పడే లెక్క కూడా చెప్పాలి. చక్రాల మధ్య దూరంలో సగం 45 సెంటీమీటర్లు, మనుషులతో కలిపి గరిమనాభి ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుంటే, బండి పక్కకు సుమారు 37 డిగ్రీలు ఒరిగేదాకా నిలబడుతుంది. ఆరంగుళాలు లేపితే 31 డిగ్రీలకే పడుతుంది. మలుపుల్లో తేడా ఇంకా స్పష్టం. గంటకు 24 కిలోమీటర్లతో ఏడు మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే, మామూలు ఎత్తు బండి పడకుండా తిరుగుతుంది. లేపిన బండి లోపలి చక్రాలు గాల్లోకి లేస్తాయి. నున్నటి టైర్లయితే ముందు జారేవి, పళ్ళున్న టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి గనుక జారకుండా తిరగబడతాయి. లిఫ్ట్ వేసేవాళ్ళు చక్రాల వెడల్పు కూడా పెంచే రిమ్ములు వేసుకోవాలి.

తర్వాత డిఫరెన్షియల్, అంటే మోటారు బలాన్ని వెనక చక్రాలు రెండిటికీ పంచే గేర్ల అమరిక. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్కు ఇస్తుంది. ఒక చక్రం గుంట మీద గాల్లో తేలితే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు, కాబట్టి రెండోదానికీ ఏమీ అందదు. గట్టినేల మీద ఉన్న చక్రం కదలదు, గాల్లోది గిర్రున తిరుగుతుంది. ఎంత కరెంటిచ్చినా లాభం లేదు.  తరచూ బురదలో తిరిగేవాళ్ళు జారుడును అరికట్టే లిమిటెడ్ స్లిప్ రకం వేయించుకోవడం మంచిది.

నీళ్ళ విషయంలో సాహసం వద్దు. మోటారు వెనక ఇరుసు దగ్గరే, కిందుగా ఉంటుంది, గాలి ఆడే రంధ్రాలుంటాయి. నీళ్ళు చక్రం మధ్య భాగం దాకా వచ్చే చోట దిగితే మోటారు లోపలికి పోతాయి.

ఇక ఖర్చు ఏ వరసలో పెట్టాలంటే, నా లెక్క ఇది. ముందు బ్రేకులు. తర్వాత కేబుళ్ళు, ఫ్యూజు, జాయింట్లు. ఆ తర్వాత కంట్రోలర్, బ్యాటరీలు. టైర్లు అన్నిటికంటే చివర. వాటిలోనూ 22 అంగుళాలవాటి జోలికి పోకుండా, మూడంగుళాల లిఫ్ట్‌తో 20 అంగుళాల పళ్ళ టైర్లు వేసుకుంటే బలం పదో వంతే తగ్గుతుంది. తోట పనికీ పొలం గట్లకూ అవి బాగా సరిపోతాయి.